నైట్ డ్యూటీ బిస్కెట్లు

గ్లాసుడు తీపినీళ్ళు దగ్గరుండి తాగించి, "మళ్ళీ రక్తం తీసేదాకా ఇక్కడే కూర్చోవాలి. అటూ ఇటూ తిరగకూడదు, ఏమీ తినకూడదు. కదలకుండా కూర్చుంటేనే పరీక్ష సరిగ్గా వస్తుంది" అని చెప్పి, ఖాళీ గ్లాసు పట్టుకుని వెళ్ళిపోయింది రక్తం తీసే పిల్ల. అబ్బ, ఏం తీపి! నాలుకంతా బంకలా అంటుకుపోయింది, కడుపులో తిప్పుతోంది, వాంతి చేసుకుంటే వ్యవహారం మళ్ళీ మొదటికొస్తుందని పళ్ళు బిగబట్టుకుని కూర్చుంది ఆమె. నోటినిండా తీపి పోసి కదలకుండా కూర్చోమనడం! ఇంతోటి దానికి పెద్ద చదువులు చదివి, మిషన్లు పెట్టి, మనుషుల్ని వరసలో నిలబెట్టి సూది గుచ్చాలా? తన చిన్నతనమంతా జరిగింది ఇదే కదా. బుద్ధి తెలిసీ తెలియని వయసులోనే మొదలైంది ఈ పరీక్ష, ఇన్నేళ్ళూ ఎవరూ రక్తం తీసి చూడలేదు, అంతే తేడా. బెంచీకి అటు చివర అమ్మ కూర్చుంది, మధ్యలో బుజ్జిది కూర్చుంది, నాలుగేళ్ళ తన కూతురు. ముగ్గురి వీపులూ గోడకే ఆనుకుని ఉన్నాయి.

పొద్దున ఆ డాక్టరు చూసిన చూపు గుర్తొస్తే చాలు, అరికాలి మంట నెత్తికెక్కుతోంది. పోయిన వారం చేసిన పరీక్ష కాగితాన్ని కళ్ళజోడు పైనుంచి చూసి, "ఇరవయ్యారేళ్ళకే షుగరేంటమ్మా? మీ నాన్నకుందా? మీ అమ్మకుందా? తాతలకి?" అని వరసబెట్టి అడిగాడు. ఎవరికీ లేదండీ అంది. "అయితే ఇది కొని తెచ్చుకున్నదే. ఇవాళ్టి పరీక్షతో ఖాయమైపోతుంది, నాకైతే అనుమానం లేదు" అన్నాడు. కొని తెచ్చుకోవడమా? ఏ కొట్లో? ఎవరు పోయి కొనుక్కొచ్చారు? అంతటితో ఊరుకున్నాడా, పక్కన నిలబడ్డ అమ్మ వైపు తిరిగి, "గారాబం చేసి చిన్నప్పట్నుంచి తీపి తినిపించి ఉంటారు. ఆడుకోనివ్వకుండా కూర్చోబెట్టి ఉంటారు. తల్లులందరూ ఇంతే" అన్నాడు. అమ్మ ఏమంది? ఒక్క మాట ఎదురు చెప్పిందా? "తప్పేనండీ" అని తల వంచుకుంది. తప్పేనట! ఆ తప్పు ఎక్కడ పుట్టిందో, ఎవరి కోసం పుట్టిందో అడిగే దిక్కు లేదు. ఏం తింటున్నావని అడిగారు, ఎంత నడుస్తున్నావని అడిగారు, ఎత్తు చూశారు, బరువు చూశారు, నడుం చుట్టూ టేపు పెట్టి మరీ చూశారు. ఎలాంటి ఇంట్లో పెరిగావమ్మా అని మాత్రం ఏ మహానుభావుడూ అడగలేదు. ఎదురుగా గోడ మీద ఒక బొమ్మ. మొగుడూ పెళ్ళాం ఇద్దరు పిల్లలూ పచ్చగడ్డి మీద పళ్ళికిలిస్తూ పరిగెడుతున్నారు. కింద 'మీ ఆరోగ్యం మీ చేతుల్లోనే' అని రాసుంది. ఎవరి చేతుల్లో? నాలుగేళ్ళ పిల్ల చేతుల్లోనా? ఆ బొమ్మని చించి ఉండచుట్టి పారేయాలనిపించింది. కానీ లేవకూడదుగా, కదలకూడదుగా. కూర్చుంది.

ఒళ్ళో ఫోను మాటిమాటికీ వణుకుతోంది. ఎవరో కాదు, మొగుడే. రాత్రి డ్యూటీ దిగి, కళ్ళు మూతలు పడుతుంటే, ఇంటికి పోకుండా ఫ్యాక్టరీ ఆఫీసు ముందు పడిగాపులు కాస్తున్నాడు పాపం. క్వార్టరు వచ్చింది వాళ్ళకి. సీసాల ఫ్యాక్టరీ క్వార్టర్స్‌లో, తను పుట్టి పెరిగిన ఆ బిల్డింగులోనే, అమ్మావాళ్ళ ఇంటికి సరిగ్గా కింద అంతస్తులో. మధ్యాహ్నం ఆఫీసు మూసేలోగా సంతకం పెడితే తాళం చేతికిస్తారు, లేదంటే వెనకాల నిలబడ్డవాడికిచ్చేస్తారు. అద్దె లేని ఇల్లు, పై అంతస్తులో అమ్మ, పిల్లని చూసుకోవడానికి చెయ్యి చాపితే మనిషి, ఇంతకన్నా ఏం కావాలే అని తను పనిచేసే కొట్లో తోటి అమ్మాయిలు కళ్ళు పెద్దవి చేసి అడిగారు. ఇక అమ్మకయితే ఆ కబురు విన్నప్పట్నుంచి కాళ్ళు నేల మీద ఆనడం లేదు. మనవరాలు కళ్ళముందే పెరుగుతుందని ఎదురైన వాళ్ళందరికీ చెప్పుకుంది. సరేనా, పెట్టేయనా సంతకం అని మొగుడు అడిగితే, ఆస్పత్రి పని అయ్యాక చెప్తానంది తను. ఆస్పత్రికీ సంతకానికీ ఏమిటి సంబంధం అని అతను విసుక్కున్నాడు. తనకీ మాటల్లో చెప్పడం రాలేదు. ఆ బిల్డింగులో బుజ్జిదాన్ని పెంచాలా వద్దా అన్నది మాత్రం ఇవాళే, ఈ బెంచీ మీదే తేలిపోవాలి.

ఆ బిల్డింగు! గాజు కరిగించే కొలిమిని ఆర్పకూడదు. ఆర్పితే లోపల గాజు గడ్డకట్టి కొలిమే పనికిరాకుండా పోతుందట. అందుకని అది రాత్రనక పగలనక మండుతూనే ఉండాలి, దాని ముందు మూడు షిఫ్టుల్లో మనుషులు మారుతూనే ఉండాలి. అంటే ఏ వేళప్పుడు చూసినా ఆ బిల్డింగులో ఏదో ఒక తలుపు వెనక ఎవరో ఒక మగాడు ఒళ్ళెరగకుండా నిద్రపోతుంటాడు. ఇంటికి ఒకటే గది, దాన్నానుకుని పొయ్యి పెట్టుకునేంత చోటు. గోడలు ఎంత పల్చనంటే పక్కింటాయన దగ్గితే ఇటువైపు గిన్నె మీద మూత కదిలేది. అందుకే అక్కడి పిల్లలకి అమ్మ, నాన్న తర్వాత వచ్చిన మాట 'ఉష్'. పరిగెత్తకు, ఉష్. గెంతకు, ఉష్. పాడకు, ఏడవకు, తలుపు ధడాల్న వేయకు, ఉష్, ఉష్, ఉష్. గట్టి అడుగున్న చెప్పులు ఆ మెట్ల మీద వేసుకోకూడదు, పిల్లలందరికీ పాతగుడ్డలతో కుట్టిన మెత్తటి జోళ్ళు. బంతి గోడకి కొడితే చప్పుడు, తాడాట ఆడితే చప్పుడు, పొట్ట చెక్కలయ్యేలా నవ్వితే అది ఇంకా పెద్ద చప్పుడు. పోనీ వీధిలోకి పోదామా అంటే సీసాలు మోసే లారీలు ఒకదాని వెనక ఒకటి, ఏ తల్లీ గడప దాటనిచ్చేది కాదు. పగలంతా ఇలా బిగుసుకుని కూర్చుని, రాత్రి కాస్త కన్నంటుకుందో లేదో, షిఫ్టు సైరన్ కూసేది. లైటు వెలిగేది. నాన్న లేచి వెళ్ళేవాడు, కాకపోతే అప్పుడే వచ్చేవాడు, చాప మీద పడుకున్న తననీ తమ్ముడినీ దాటుకుంటూ. పెద్దవాళ్ళ పగటి నిద్ర చెడకూడదు, పిల్లల రాత్రి నిద్ర ఏ గంగలో కలిసినా ఎవరికీ పట్టదు. ఆ సైరనుకి ఉష్ చెప్పిన మొనగాడు ఒక్కడైనా పుట్టాడా?

ఇక బిస్కెట్లు. నైట్ డ్యూటీ వాళ్ళు నీరసించి పడిపోకుండా కంపెనీ తలా ఒక గ్లూకోజ్ బిస్కెట్ల ప్యాకెట్టు ఇచ్చేది. ఒక్కడైనా తిన్నాడా దాన్ని? కొలిమి ముందు చెమటలు కక్కుతూ, కళ్ళు బైర్లు కమ్ముతున్నా సరే, చొక్కా జేబులో దాచుకుని ఇంటికి తెచ్చేవాళ్ళు పిచ్చిమారాజులు. పిల్లల కోసం! నాన్న తలుపు తీయగానే మొహం కన్నా ముందు ఆ జేబుకేసి చూసేవాళ్ళు తనూ తమ్ముడూ. ఆ బిస్కెట్లకి కొలిమి వాసన ఉండేది, చెమట వాసన ఉండేది, ప్రాణం లేచొచ్చేది. అమ్మ వాటిని రేకు డబ్బాలో పోసేది, ఆ డబ్బాతోనే ఇల్లు నడిపేది. నాన్న పడుకున్నంతసేపూ గోడకి ఆనుకుని కదలకుండా కూర్చుంటే ఒకటి. తమ్ముడు జుట్టు పీకినా తిరిగి అరవకపోతే ఒకటి. ఏడుపొస్తే నోట్లో ఒకటి. నోట్లో బిస్కెట్టు పెట్టుకుని ఏడవడం కుదరదు, కావాలంటే ఎవరైనా ప్రయత్నించి చూడొచ్చు. నెలాఖర్లో ఇంట్లో కూర లేకపోయినా డబ్బాలో బిస్కెట్లుండేవి, కొన్ని సాయంత్రాలు అవే అన్నం. తిండి సరిపోతుందో లేదోనని అమ్మ గిన్నెలోకి తొంగిచూసే చూపు, సరిపోదని తెలిసి డబ్బావైపు తిరిగే చెయ్యి, రెండూ ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టున్నాయి. ప్రతి ఇంట్లో ఒక డబ్బా, ప్రతి డబ్బా ముందు గోడకానుకున్న పిల్లలు. తండ్రి తన కడుపు మాడ్చుకుని తెచ్చాడు, తల్లి దాంతో తండ్రికి నిద్ర కొనిపెట్టింది. ఇందులో గారాబం ఎక్కడుందో ఆ కళ్ళజోడు మనిషి వెతికి చూపిస్తే దండం పెడతాను అనుకుంది.

ఇప్పుడు తను పనిచేసేది చెప్పుల కొట్లో, పిల్లల వైపు. పసికాలికి బూటు తొడిగి, ముందు భాగం నొక్కి బొటనవేలు ఎక్కడుందో చూసి, "ఏదీ, ఒకసారి పరిగెత్తి చూపించు నాన్నా" అంటుంది. వాళ్ళు ఈ గోడ నుంచి ఆ గోడకి దడదడలాడిస్తూ పరిగెడతారు. చేరిన కొత్తలో ఆ చప్పుడుకి తన గుండె గొంతులోకొచ్చేది, ఎవరో లేస్తారని. ఎవరు లేస్తారు, పట్టపగలు, చెప్పుల కొట్లో? "కస్టమర్ని కాస్త గొంతెత్తి పిలువు తల్లీ, నీ పిలుపు నీకైనా వినపడుతోందా?" అని ఓనరు ఆటపట్టించేవాడు. గొంతు ఉంటేగా ఎత్తడానికి! ఈ మధ్య ఎన్ని నీళ్ళు తాగినా దాహం తీరడం లేదు, పూటకి పదిసార్లు వెనక బాత్రూముకి పోవాల్సొస్తోంది, కాలికి జోడు కరిచిన పుండు ఎంతకీ మానడం లేదు. ఆ మెట్ల మీద తనతో పాటు కూర్చున్న వాళ్ళ సంగతి? పై అంతస్తు అక్కకి బిడ్డ కడుపులో ఉండగా వచ్చింది, కాన్పు అయితే పోతుందిలే అన్నారు, పోలేదు. చివరింటి పొట్టోడు లారీ సీటు కింద మందుబిళ్ళలు పెట్టుకుని తిరుగుతున్నాడు. వాళ్ళకీ ఇంకా ముప్ఫై రాలేదు. నాన్న ఉద్యోగంలో చేరి ఆ క్వార్టరు నిలబెట్టిన తమ్ముడు మాత్రం దుక్కలా ఉన్నాడు, అదే గోడ, అదే డబ్బా, వాడికేమీ లేదు. ఉండకపోవచ్చు, అందరికీ వచ్చి తీరుతుందని ఎవరన్నారు? కానీ వచ్చినవాళ్ళమంతా కూడబలుక్కుని ఒకే కొట్లో కొనుక్కొచ్చామా డాక్టరుగారూ? ఇలా లోపల్లోపల డాక్టరుని కడిగేస్తూ కూర్చుంది, పైకి మాత్రం పెదవి కదలలేదు.

"అబ్బ, ఎంత బుద్ధిమంతురాలండీ మీ పాప!" అటుగా పోతున్న నర్సు ఆగి మరీ అంది. "ఇందాకట్నుంచి చూస్తున్నా, చప్పుడే లేదు. మా వాడైతే ఈపాటికి ఆస్పత్రి పీకి పందిరేసేవాడు."

అమ్మ మొహం చింకి చేటంత అయింది. "మా ఇంటి పిల్లలంతే అమ్మా" అంది, ఆ మనిషికి తెలిసిన ఒకే ఒక్క గొంతుతో, గుసగుసగా.

 ఆమె తల తిప్పి కూతుర్ని చూసింది. చేతులు రెండూ ఒళ్ళో, వీపు గోడకి, కాళ్ళు గాల్లో వేలాడుతున్నా ఊగడం లేదు. బుజ్జిదేనా ఇది? అద్దింట్లో మంచం మీంచి గెంతి మోకాళ్ళు దోక్కుపోయినా మళ్ళీ ఎక్కి గెంతేది, స్నానానికి పిలిస్తే ఇల్లంతా తిప్పించి తిప్పించి గానీ దొరికేది కాదు. మొగుడికి పగటి డ్యూటీ పడ్డ రోజుల్లో, తను కొట్టుకి పోతూ అమ్మ దగ్గర వదిలిపెడుతోంది ఈ మధ్య. ఎంత కాలమైందని? బుజ్జిది నీళ్ళు తాగేసిన కాగితం గ్లాసు తీసుకుని బెంచీ దిగింది. మునివేళ్ళ మీద నడిచింది. మూలనున్న చెత్తడబ్బా మూతని రెండు చేతులతో ఎత్తి, గ్లాసు వేసి, మూతని చప్పుడు కాకుండా దించింది. మళ్ళీ మునివేళ్ళ మీదే వచ్చింది. వచ్చి అమ్మమ్మ ముందు నిలబడి అరచెయ్యి చాపింది. అమ్మ చెయ్యి దానంతటదే సంచిలోకి పోయింది, ప్యాకెట్టు గలగలమంది.

"పెట్టకమ్మా" అంది ఆమె.

"ఒక్కటేనే. ఒక్క బిస్కెట్టుకి ఏమైపోతుంది?"

"ఒక్కటైనా సరే, దేనికి పెడుతున్నావు? మునివేళ్ళ మీద నడిచినందుకా?"

అమ్మకి అర్థం కాలేదు. నిజంగానే అర్థం కాలేదు, ఆ మొహంలో దాచుకున్నదేమీ లేదు. "మీ నాన్న ఇప్పటికీ పగలే పడుకుంటారు కదే. రిటైరైనా ఆ ఒంటికి అలవాటు పోలేదు. చప్పుడైతే ఉలిక్కిపడి లేస్తారు. అయినా నోరు లేస్తే ఏమవుతుందో నీకు నేను చెప్పాలా? మీసాల బాబాయిని మర్చిపోయావా?"

మర్చిపోవడమా? ఆయన్ని మర్చిపోతే తనలో ఇంకేం మిగులుతుంది? పక్కింటి మీసాల బాబాయి, మెట్ల మీద ఎదురైతే మీసం మెలేసి భయపెట్టి, తర్వాత కితకితలు పెట్టేవాడు. ఒకరోజు సీసాలు పోతపోసే మిషన్లో చెయ్యి పడింది. మణికట్టు దాకా లేదు. మర్నాడు ఇస్త్రీ నలగని బట్టల్లో కంపెనీ మనిషి ఒకడొచ్చి, బిల్డింగు వెనక పెరట్లో పిల్లలందర్నీ వరసగా నిలబెట్టాడు. ఆ పెరడొక్కటే ఉండేది వాళ్ళకి, గోడకి దూరంగా, కాస్త గొంతు విప్పుకోవడానికి. "మీ అల్లరికి ఆయనకి పగలు నిద్ర లేదు. నిద్ర లేక చెయ్యి పోయింది. మీ నాన్నల చేతులు కూడా పోవాలా?" అని అడిగాడు. మెత్తగా, నవ్వు మొహంతో అడిగాడు. తనకప్పుడు ఏడేళ్ళు. ఆ వారమే పెరటికి గేటు పడింది, తాళం పడింది, లోపల సీసాల పెట్టెలు మేడ ఎత్తున పేర్చారు. చోటు కంపెనీకి కావాలి, నేరం పిల్లలది! ఇంకా అంతటితో అయిపోలేదు, ఏటేటా 'బుద్ధిమంతుల బహుమతి' కూడా పెట్టారు. అందరికన్నా నోరు లేవని పిల్లకి పెద్ద డబ్బా నిండా క్రీం బిస్కెట్లు. తనకే వచ్చేది ఎక్కువసార్లు. అమ్మ కొత్త చీర కట్టుకుని చూడటానికి వచ్చేది. చప్పట్లు కూడా కొట్టేవాళ్ళు కాదు, ఎవరైనా లేస్తారని. అప్పట్నుంచీ నాన్న డ్యూటీ దిగి వస్తే జేబు వైపు చూడటం మానేసింది తను. ముందు చేతులు చూసేది, రెండూ ఉన్నాయా అని. ఉంటే గోడకానుకుని కూర్చుని డబ్బాలో బిస్కెట్టు సంపాదించుకునేది. దగ్గొస్తే గుడ్డ నోట్లో కుక్కుకునేది. చాప కింద, మెడ వెనక, పొట్టలో, ఎక్కడ చూసినా భయమే. ఆ భయం ఎటు పోతుంది? ఏడ్చి కక్కేద్దామంటే ఏడవకూడదు, పరిగెత్తి పారేద్దామంటే పరిగెత్తకూడదు. ఒంట్లోనే ఉండిపోయింది, తీపి పోసి పెంచిన భయం.

మొన్న మొగుడు అన్నం తింటూ యథాలాపంగా మీసాల బాబాయి గురించి ఒక మాట అన్నాడు, క్యాంటీన్లో పాతవాళ్ళు చెప్పుకుంటుంటే విన్నాడట.  అమ్మని అడగడానికి నోరు రాలేదు. ఇప్పుడు వచ్చింది.

"అమ్మా, చెయ్యి పోవడానికి ముందురోజు మీసాల బాబాయి అసలు ఇంటికే రాలేదటగా? డబుల్ డ్యూటీ మీద డబుల్ డ్యూటీ వేసి ఫ్యాక్టరీలోనే ఉంచేశారటగా?"

అమ్మ ప్యాకెట్టు సంచిలో పెట్టింది. "ఎవరు చెప్పారు?"

"ఎవరైతేనేం? నిజమా, కాదా?"

"బిల్డింగులో అందరికీ తెలుసు."

"ఇంటికి రాని మనిషిని మేమెలా లేపామమ్మా?"

 బుజ్జిది చాపిన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుని తనంతట తనే బెంచీ ఎక్కి కూర్చుంది.

"మాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మీరు భయపడటం మానేసేవాళ్ళుగా" అంది అమ్మ.

 అందరికీ తెలుసు! అమ్మకి తెలుసు, నాన్నకి తెలుసు, పై అంతస్తు అక్క వాళ్ళమ్మకి తెలుసు, చెయ్యి లేని మీసాల బాబాయికైతే ఇంకా బాగా తెలుసు. తెలిసి, ఆ కంపెనీవాడి అబద్ధాన్ని ఇంటికి తెచ్చుకుని, డబ్బా పక్కనే పెట్టుకుని, రోజుకింత వాడుకున్నారు. పనికొచ్చింది కాబట్టి! బిల్డింగు నిండా పిల్లలు, ఒక్కొక్కళ్ళు మనిషి చెయ్యి నరికిన నేరం నెత్తిన మోసుకుంటూ మునివేళ్ళ మీద పెరిగితే, అబ్బ, మా పిల్లలు ఎంత బుద్ధిమంతులో అని మురిసిపోయారు. సిగ్గు లేదూ? కొత్త చీర కట్టుకుని వచ్చావే, ఎలా కట్టుకోబుద్ధయిందమ్మా? అడిగేయాలనుకుంది. ఆ మాటలన్నీ వరసగా నాలుక మీదికొచ్చి నిలబడ్డాయి. అమ్మ చేతులు చూసింది. సంచి మెడ పట్టుకుని బిగుసుకుపోయి ఉన్నాయి.

"మీ నాన్న చేతులు రెండూ ఉన్నాయే" అంది అమ్మ. "రిటైరయ్యేదాకా ఉన్నాయి. నాకప్పుడు అదొక్కటే కావాల్సొచ్చింది. ఆయనకి నిద్ర చాలక ఏదన్నా అయితే నలుగురం రోడ్డున పడేవాళ్ళం. నీకు ముందు ముందు ఏమవుతుందో ఆలోచించేంత తీరిక ఏదే నాకు? పొద్దున ఆ డాక్టరు అడిగినప్పుడు తెలిసింది. తప్పేనండీ అన్నాను. ఇంకేమనను?"

కోపం అలాగే ఉంది, కానీ ఎవరి మీదికి తోలాలో తెలియకుండా పోయింది. కొట్టాల్సిన చెంప ఈ బెంచీ మీద లేదు. పెరటికి తాళం వేసినవాడు ఈపాటికి మనవళ్ళని పార్కుల్లో పరిగెత్తించుకుంటూ ఉంటాడు, వాడి ఆరోగ్యం వాడి చేతుల్లోనే ఉంటుంది. కొలిమి ఇప్పటికీ మండుతోంది. డబుల్ డ్యూటీలు ఇప్పటికీ వేస్తున్నారు, తన మొగుడికే పోయిన వారం వేశారు. నైట్ బిస్కెట్లు ఇప్పటికీ ఇస్తున్నారు, అతనూ తినకుండా జేబులో పెట్టుకుని వస్తాడు, బుజ్జిదాని కోసం. అదీ ప్రేమే, ఇదీ ప్రేమే, ఎంత ప్రేమో చూడండి, ఒక్కళ్ళకీ చెడ్డ బుద్ధి లేదు, అందరూ మంచివాళ్ళే, పిల్లలు మాత్రం లోపల్లోపల పుచ్చిపోతారు. ఆ తర్వాత తెల్లకోటు వేసుకుని ఒకడొచ్చి కొని తెచ్చుకున్నావంటాడు. ఛీ! కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. ఏడుపు కూడా చప్పుడు లేకుండానే వచ్చింది, దానికీ ఒళ్ళు మండింది.

పేరు పెట్టి పిలిచారు. లోపలికెళ్ళి చెయ్యి చాపింది, ఎర్రటి రక్తం గొట్టంలోకి ఎక్కింది. ఫలితం రేపిస్తాం, వచ్చి కాగితం తీసుకోండి అన్నారు. అందులో ఏముంటుందో తెలియనిదేముంది? మోచేతి మడతలో దూది బిగించి వరండాలోకి వచ్చి, బుజ్జిదాన్ని ఒక చేత్తో దగ్గరికి లాక్కుని, మొగుడికి ఫోను చేసింది.

"ఆ ఇల్లు వద్దు."

"ఏంటీ? మతుండే మాట్లాడుతున్నావా?" అతని గొంతు ఎప్పుడూ అంతే, మిషన్ల మధ్య అలవాటైన అరుపు. అమ్మకి కూడా వినపడుతోంది. "అందరూ ఆ ఇంటికోసం కొట్టుకు చస్తుంటే!"

"పిల్ల గట్టిగా ఏడవాలంటే ఎక్కడికెళ్ళి ఏడవాలి అక్కడ?"

"మరి నేనెక్కడ పడుకోవాలి?" అన్నాడు. కోపం కాదు, అలిసిపోయిన గొంతు. "ఆ అద్దింట్లో అది గెంతుతుంటే పగలు కన్ను మూతపడదు నాకు. నిన్న మిషన్ దగ్గర నిలబడే తూగాను, తెలుసా? రేపు నా చెయ్యి పోతే ఏం చేస్తావు?"

 అది అబద్ధం కాదు, ఎవరో పిల్లల్ని భయపెట్టడానికి అల్లింది కాదు. కూతురి గొంతు కావాలంటే మొగుడి నిద్ర ఇవ్వాలి, అతని చెయ్యి కావాలంటే దాని పరుగు ఇవ్వాలి. ఈ బేరం పెట్టినవాడు మాత్రం తన జేబులోంచి పైసా తీయడు. ఇటు సంతకం పెట్టమనలేక, అటు వద్దని గట్టిగా చెప్పలేక, ఫోను చెవికి పెట్టుకుని నిలబడిపోయింది.

అమ్మ లేచి వచ్చి ఆమె చేతిలోంచి ఫోను తీసుకుంది. ఎప్పటిలాగే గుసగుసగా ఏదో చెప్పింది.

"ఎవరు, అత్తయ్యా? ఏంటి? ఇక్కడ లారీలు, ఏమీ వినపడట్లేదు!"

అమ్మ మళ్ళీ చెప్పింది. కాస్త పెంచే చెప్పింది.

"వినపడట్లేదత్తయ్యా! ఆఫీసు మూసేస్తున్నారు, పెట్టేయనా సంతకం?"

"వద్దు!"

వరండాలో అటు చివర కూర్చున్నవాళ్ళు కూడా తలలు తిప్పారు. అది అమ్మ గొంతని తెలుసుకోవడానికి ఆమెకి క్షణం పట్టింది. ఇరవయ్యారేళ్ళలో ఎప్పుడూ వినలేదు దాన్ని. జీరగా, ఎత్తు పల్లాలు తెలియకుండా ఉంది.

"వద్దు నాయనా! నువ్వు డ్యూటీ దిగి తిన్నగా మా ఇంటికొచ్చేయ్! మీ మావయ్య పక్కన పడుకో, ఒక్కళ్ళు నిన్ను లేపరు! నేనే పొద్దున్నే మీ అద్దింటికి పోతాను, దాన్ని అక్కడే చూసుకుంటాను!"

"ఆస్పత్రమ్మా ఇది, మెల్లగా మాట్లాడండి" అంటూ నర్సు గబగబా వచ్చింది. అమ్మ నర్సు వైపు చూడనైనా లేదు. ఫోను రెండు చేతుల్తో నోటికి అదిమిపెట్టుకుంది, మెడ నరాలు పొంగాయి.

"విన్నావా? పిల్లని మాత్రం ఆ మెట్లు ఎక్కనివ్వకండి! నేను పిలిచినా సరే, ఎక్కనివ్వకండి!" అని అరిచింది.